విప్పిన కుట్లు

సింగ్ నగర్ పైపుల రోడ్డులో నా మిషను.
జాకెట్లు, ఫాల్సులు, పాడైన జిప్పులు.
జూన్ నెలలో మాత్రం
బ్యారేజీ జట్టు నీలం చొక్కాలొస్తాయి,
వీపు మీద పేర్లు మార్చమని.

ఆటోనగర్లో లారీలకు రంగులేసే ఏసుపాదం
అందరికంటే ముందు వస్తాడు.
తొమ్మిదో నంబరు చొక్కా కవర్లోంచి తీసి
బల్ల మీద బోర్లా పడుకోబెడతాడు.
పేరు తెలుగులోనే కుట్టాలి.
అక్షరం గుండ్రంగా లేకపోతే ఒప్పుకోడు.

మొదటి ఏడు థోంబా.
ఎక్కడో కొండల్లోంచి వచ్చిన కుర్రాడు,
పెసరట్టులో అల్లం ఏరి పక్కన పెట్టేవాడట.
మేనల్లుడి తిండి గురించి చెప్పినట్టు చెప్పేవాడు ఏసుపాదం.
థోంబా కొట్టిన పదకొండు గోల్సూ
ఏ నిమిషంలో, ఏ కాలితో,
మిషను చప్పుడు మీదుగా అరిచి మరీ వినిపించాడు.
మరుసటి జూన్‌కి థోంబా గోవా వెళ్ళిపోయాడు.
"తీసెయ్యి సిస్టర్" అన్నాడు
ఫ్యాను కేసి చూస్తూ.

కుట్టడానికి పావుగంట.
విప్పడానికి ఓపిక కావాలి.
బ్లేడు మొన దారం కిందికి పోవాలి,
గుడ్డకు తెలియకూడదు.
ఎంత జాగ్రత్తగా విప్పినా
సూది దూరిన చోట్లు పూడవు.

తర్వాత షిజు.
ఆ తర్వాత ఒకోరో, ఏడు వారాలు.
వాడి పేరు కుట్టిన డబ్బులు ఇంకా బాకీ.

"ఎవడూ నిలవట్లేదు గదన్నా,
వట్టి నంబరే ఉంచుకోరాదూ?" అన్నానొకసారి.
"నంబరుకు మొహం ఉండదు సిస్టర్."
ఇంకోరోజు తాగి వచ్చి
"ఏలూరు కాలవలో నిరుటి నీళ్ళున్నాయా?
అయినా ఏలూరు కాలవే గదా" అన్నాడు.
తాగితే మా వైపు అందరూ కాలవ గురించే మాట్లాడతారు.
నేను పట్టించుకోలేదు.

అప్పుడొచ్చాడు జక్రయ్య.
కండ్రిక కుర్రాడు,
మున్సిపల్ బడిలో మా రెండోవాడి పక్క బెంచీ.
"రెండు వరసలు కుట్టు. వీడెక్కడికీ పోడు."
మూడేళ్ళు పోలేదు కూడా.
నాలుగో ఏడు గుంటూరు జట్టులో చేరాడు.
గోవా పోయినా బాగుండేది.
కృష్ణ దాటితే గంట ప్రయాణం,
అదే మింగుడు పడలేదు ఎవరికీ.
నెలకి పద్దెనిమిది వేలు ఎక్కువట.
వాళ్ళమ్మ కూరగాయల బండి దగ్గర చెప్పింది,
గొంతు తగ్గించి, తనే తప్పు చేసినట్టు.

ఆ జూన్ ఏసుపాదం రాలేదు.
జూలై రాలేదు.
ఆగస్టులో, గుంటూరు మ్యాచికి ముందు రోజు
కవరు పట్టుకుని వచ్చాడు.
రెండు వరసలు.
దీపాలు పెట్టే వేళ దాకా పట్టింది.
'య్య' దగ్గర గుడ్డ కొంచెం చిరిగింది కూడా.
"కొత్తవాడి పేరు?"
"ఇంకా నోరు తిరగట్లేదు. ఖాళీగా ఉండనీ."

మర్నాడు ట్రాలీ ఆటోలో
నన్నూ మావాణ్ణీ ఎక్కించుకుపోయాడు.
ఇన్నేళ్ళు పేర్లు కుట్టాను గానీ
ఆట చూడటం అదే మొదలు.
ఎర్ర చొక్కాలో జక్రయ్య బంతి ముట్టుకున్నప్పుడల్లా
మావాళ్ళంతా "అమ్ముడుపోయాడ్రోయ్" అని కేకలు.
ఏసుపాదం గొంతు అందరికంటే పైన.
డెబ్బై ఒకటో నిమిషంలో
ఎడమ కాలితో కొట్టాడు జక్రయ్య.
బంతి వలలో పడకముందే
ఏసుపాదం చెయ్యి గాల్లోకి లేచింది.
భుజం దాటాక గుర్తొచ్చినట్టుంది,
దించి తల గోక్కున్నాడు.
నేను వెనక మెట్టు మీద ఉన్నాను.
పెద్ద లైట్ల వెలుతుర్లో ఆ ఖాళీ వీపు మీద
నా సూది చేసిన చిల్లులు,
ఒకరి మీద ఒకరు, నలుగురు మనుషులు.
మిగతావాళ్ళకి నీలం రంగే కనపడి ఉంటుంది.

ఓడిపోయి వస్తూ మంగళగిరిలో టీకి ఆగాం.
చాలాసేపు ఎవరం మాట్లాడలేదు.
"కొత్తవాడి పేరేంట్రా అబ్బాయ్?"
"లాల్తన్పుయా" అన్నాడు మావాడు.
"ఎన్నక్షరాలు?"
"నాలుగు. మధ్యలో రెండు ఒత్తులు."
ఒలికిన టీలో వేలు ముంచి
బల్ల మీద 'లా' రాశాడు ఏసుపాదం.
తల వంచి చూశాడు.
గుండ్రంగా రాలేదని
అరచేత్తో తుడిచేసి
మళ్ళీ వేలు ముంచాడు.